ఇరవై తాడిచెట్ల సంఘ చరిత్ర

ఈ మధ్య గుడివాడలో మా ఇంటికి కొత్తరకం చుట్టాలు వస్తున్నారు. చిన్న వయసు భార్యాభర్తలు. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే బైబిలూ, సంఘ చరిత్రా, లెక్కలూ అన్నీ తామే చెప్పుకుంటారట. చేతిలో రంగురంగుల పుస్తకాలు, ఫోనులో టైంటేబులు. "మీ రోజుల్లో ఇలాంటివి ఎక్కడివి లెండి" అంటూ మొదలుపెడతారు. నాకు నవ్వొస్తుంది. మా రోజుల్లో ఇదే నా ఉద్యోగం. జీతం తీసుకుని చేశాను.

కొందరు ఆడపిల్లలు ఇలాంటి ఇళ్ళకి వెళ్ళి తల్లులకి సాయం చేసే పనిలో చేరుతున్నారని విన్నాను. ఈ నాలుగు ముక్కలూ వాళ్ళ కోసం. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎన్ని ఫారాలు నింపాను అనేవి మీకు అనవసరం. నేను చేసిన ఒక తప్పు మాత్రం మీకు పనికొస్తుంది.

పని ఏమిటంటే

యాభైల్లో బందరులోని ఒక మిషను వాళ్ళు 'ఇంటి పాఠాలు' అని పెట్టారు. దివిసీమ లంకల్లో మా క్రైస్తవ కుటుంబాలు చాలా ఉండేవి. వానాకాలం వస్తే పిల్లలు రేవు దాటి బడికి వెళ్ళలేరు. వెళ్ళినా కొన్ని ఊళ్ళలో మా పిల్లల్ని అందరికీ వెనకగా, గుమ్మం పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. రెండు రోజులు అలా కూర్చున్న పిల్ల మూడో రోజు కడుపునొప్పి అనేది. అందుకని తల్లే ఇంట్లో చెప్పాలని ఏర్పాటు. అక్షరం వచ్చిన తల్లుల్ని ఏడాదికోసారి గుడివాడ పిలిపించి మూడు వారాలు శిక్షణ ఇచ్చేవాళ్ళం. సైక్లోస్టైల్ తీసిన పాఠాల కట్ట, ఒక పలక, గోడకి వేలాడదీసే బొమ్మల చుట్ట ఇచ్చి పంపేవాళ్ళం.

పాఠాలు మూడు రకాలు. బైబిలు కథలు, చదవడం రాయడం లెక్కలు, మూడోది సంఘ చరిత్ర. సువార్త యెరూషలేములో బయల్దేరి మన లంకల దాకా ఎలా వచ్చిందన్నది ఆ మూడో దాంట్లో ఉండేది. మూడు నెలలకోసారి నేను వెళ్ళి పిల్లల్ని పరీక్ష చేసి రిపోర్టు రాయాలి. బందరులో బస్సెక్కి, చల్లపల్లిలో మారి, అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి కాలినడకా, పడవా. చీర కుచ్చిళ్ళకి అంటుకున్న దివిసీమ బురద ఉతికినా పూర్తిగా పోయేది కాదు.

కష్టం అంటారు గానీ, నాకు ఆ పని చాలా ఇష్టంగా ఉండేది. ఇళ్ళలో పాఠం ఎంత సరదాగా జరిగేదో చెబితే నమ్మరు. గుడివాడలో ఒక కాంపౌండరు గారి భార్య యోసేపు కథ చెబుతోంది. అన్నలు తమ్ముణ్ణి గోతిలో పడేసే చోటికి వచ్చింది. అప్పుడే ఆ కాంపౌండరు గారు డ్యూటీ దిగి వచ్చారు. నలుగురు పిల్లలూ ఆయన్ని పట్టుకుని మంచం కిందకి తోసేసి, చుట్టూ చీరలు కట్టేసి "మీరు గోతిలో ఉన్నారు నాన్నగారూ, వర్తకులు వచ్చేదాకా కదలకూడదు" అన్నారు. ఆయన లక్షణంగా మంచం కిందే పడుకున్నారు. అరగంట తర్వాత "కాస్త మజ్జిగన్నా ఇప్పించండి, గోతిలో వాళ్ళకి దాహం వెయ్యదా" అని గొంతు వినిపించింది. ఆ ఇంట్లో పిల్లల్ని యోసేపు కథలో ఏ ప్రశ్న అడిగినా తప్పు చెప్పలేదు.

మా పెద్ద టీచరుగారు

నా పైఅధికారి రాహేలమ్మగారు. తెల్లచీర, వెనక్కి దువ్విన జుట్టు, చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు. మేం రాసిన రిపోర్టు మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, ఒకే ప్రశ్న వేసేవారు. "ఆ రోజు వాళ్ళింట్లో కూరేంటి?"

గోంగూర అనో, ఎండు రొయ్యలు అనో చెబితే రిపోర్టు తీసుకునేవారు. తెలియదంటే తిరిగి చేతిలో పెట్టేవారు. "కూర ఉడికేంతసేపు కూడా కూర్చోని మనిషి పిల్లల గురించి ఏం రాస్తుందమ్మా? మళ్ళీ వెళ్ళిరా" అనేవారు. చేరిన కొత్తలో ఇది ముసలావిడ చాదస్తం అనుకున్నాను. రిపోర్టులు గబగబా ముగించడంలో నాకు మంచి పేరు ఉందని నాకు గర్వం కూడా. ఒక నెల ఆవిడకి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరారు. సరిగ్గా ఆ నెలలోనే నేను మొదటిసారి కాంతమ్మ ఇంటికి వెళ్ళాను.

నా ఘనకార్యం

నాగాయలంక వైపు ఒక లంకలో కాంతమ్మ ఉండేది. భర్త ఏసోబు పడవ నడిపేవాడు. పెద్దమ్మాయి సుగుణకి పదకొండేళ్ళు, రూతుకి ఏడు. ఇంకా చంకలో ఒక పిల్లాడు. కాంతమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. వాళ్ళ వైపు బంధువుల్లో అక్షరం వచ్చిన మొదటి ఆడది తనే.

ఆ ఏడాది బందరు బోర్డింగు బడిలో లంకల పిల్లలకి మూడే సీట్లు ఇచ్చారు. సుగుణకి ఒకటి వస్తే అమ్మాయి పై చదువుకి వెళ్తుంది. రాకపోతే ఇంకో రెండు మూడేళ్ళలో పెళ్ళి చేసేస్తారు, అంతే. నా రిపోర్టు చూసే కమిటీవాళ్ళు పేర్లు ఎంచుతారు. ఈ సంగతి నాకూ తెలుసు, కాంతమ్మకీ తెలుసు.

నేను వెళ్ళేసరికి మబ్బు పట్టి ఉంది. వాన పడితే పడవ ఆగిపోతుందని నా కంగారు. కాంతమ్మ పొయ్యి మీద ఎసరు పెడుతుంటే "వద్దు వద్దు, నేను వెంటనే వెళ్ళాలి" అని సుగుణని ముందు కూర్చోబెట్టుకున్నాను. చదవడం బాగా చదివింది. లెక్కలు చకచకా చేసింది. బైబిలు కథలు చెప్పింది. ఇక సంఘ చరిత్రకి వచ్చాను.

"ప్రభువు పంపిన అపొస్తలుడు మన దేశానికి ఎప్పుడు వచ్చాడమ్మా?"

"ఒకటో చెట్టు కిందండి."

అర్థం కాలేదు. ఇంకోటి అడిగాను. "రోము చక్రవర్తి విశ్వాసుల్ని హింసించడం ఎప్పుడు మాన్పించాడు?"

"నాలుగో చెట్టు దగ్గరండి."

"అచ్చు యంత్రం ఎప్పుడు వచ్చింది?"

పిల్ల లేచి నిలబడింది. కిటికీలోంచి బయటికి చూసి, వేళ్ళు మడిచి "పదిహేనో చెట్టండి" అంది.

నాకు ఒళ్ళు మండింది. తల్లి ఏవో పుక్కిటి కథలు చెప్పి కూర్చోబెట్టిందని తేల్చేసుకున్నాను. ఆ చెట్లేమిటని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. రూతు పక్కనే నిలబడి చూస్తుండగా "ఏంటి కాంతమ్మా ఇది, పిల్లలకి తప్పులు నేర్పుతున్నావు. చరిత్రంటే సంవత్సరాలు. ఇదిగో ఈ కాయితంలో ఉన్నాయి, వరసగా కంఠతా పట్టించు. నీకు రానిది పిల్లలకేం చెబుతావు?" అన్నాను.

కాంతమ్మ "అలాగేనండి" అని కాయితం తీసుకుంది. నేను వాన కన్నా ముందు రేవు చేరుకున్నందుకు సంతోషిస్తూ పడవెక్కాను. బందరు వచ్చి "సంఘ చరిత్ర: ఏమీ రాదు" అని రాసి సంతకం పెట్టాను. కూరేంటని అడిగే ఆవిడ ఆసుపత్రిలో ఉన్నారు. సుగుణ పేరు జాబితాలోంచి తీసేశారు.

రేవు దారి

మూడు నెలల తర్వాత ఆ కబురు చెప్పడానికి నేనే వెళ్ళాల్సి వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టేసరికి పిల్లలిద్దరూ గోడకి ఆనుకుని సంవత్సరాలు వల్లె వేస్తున్నారు. నన్ను చూడగానే రూతు తల్లి వెనక్కి వెళ్ళి దాక్కుంది.

"మీరు చెప్పినట్టే చేస్తన్నానండి" అంది కాంతమ్మ. తర్వాత చిన్న గొంతుతో చెప్పింది. "ఒక్క చిక్కొచ్చిందండి. ఇప్పుడు నేనేం చెప్పినా రూతు 'టీచరుగారొచ్చాక అడుగుదాంలే' అంటంది. బైబిలు కథ చెప్పినా అదే మాట. ఎసట్లో బియ్యం ఎన్ని పోశానో కూడా మిమ్మల్ని అడిగేట్టుంది."

నవ్వించడానికే అంది గానీ నాకు నవ్వు రాలేదు. సీటు రాలేదని చెప్పాను. ఏసోబు వలలు సర్దుకుంటున్నవాడు ఆగి, తలొంచుకుని మళ్ళీ సర్దుకోవడం మొదలెట్టాడు. కాంతమ్మ "దేవుడి చిత్తం" అంది. అది దేవుడి చిత్తం కాదనీ నా సంతకమనీ నాకు లోపల గుచ్చుకుంది. అయినా అప్పటికి నేను తప్పు చేశానని ఇంకా తెలియదు. జాలి మాత్రమే పడ్డాను.

సుగుణ నన్ను రేవు దాకా దిగబెట్టడానికి వచ్చింది. వాళ్ళింటి నుంచి రేవు దాకా కాలవ గట్టు మీద తాడిచెట్లు వరసగా ఉంటాయి. ఆ పిల్ల నడుస్తూ నడుస్తూ ఒక్కో చెట్టునీ అరచేత్తో తట్టి, పెదవులు కదిపి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటోంది.

"ఏంటమ్మా అది?"

"ఏం లేదండి. అమ్మ ఇంక వద్దందండి."

"ఏం వద్దంది?"

నాలుగు చెట్లు దాటాక చెప్పింది. వాళ్ళింటి నుంచి రేవుకి ఇరవై చెట్లు. ఒక్కో చెట్టుకి నూరేళ్ళు. యేసు ప్రభువు కాలం వాళ్ళ గుమ్మం. రేవు దగ్గరున్న ఇరవయ్యో చెట్టు ఇప్పుడు మనం ఉన్న కాలం. నీళ్ళకి వెళ్ళినా, నాన్నకి అన్నం తీసుకెళ్ళినా, అమ్మా పిల్లలూ సంఘ చరిత్ర చెప్పుకుంటూ నడిచేవాళ్ళట. ఆ సంవత్సరాల కాయితం కాంతమ్మకి మొదటి నుంచీ ఉంది. "అంకెలు మర్చిపోతారు, చెట్లు మర్చిపోరు" అని తనే ఇలా పెట్టుకుంది.

నేను ఆ గట్టు మీద నిలబడిపోయాను. "అచ్చు యంత్రం?" అన్నాను. సుగుణ ముందుకి పరిగెత్తి పదిహేనో చెట్టు పట్టుకుంది. "మన తెలుగులో బైబిలు అచ్చయింది?" ఇంకా ముందుకి వెళ్ళి పంతొమ్మిదో చెట్టు దగ్గర ఆగింది. "మరి నాలుగో చెట్టుకీ పదిహేనో చెట్టుకీ మధ్య పుస్తకాలు ఎలా వచ్చేవి?" "మఠాల్లో చేత్తో రాసేవాళ్ళండి. ఎనిమిదో చెట్టు మోడు గదండి, అక్కడ కూచుని రాసేవాళ్ళని చెప్పేది అమ్మ. మేం కూడా అక్కడ కూచుని ఓ వాక్యం ఇసకలో రాసి లేచేవాళ్ళం."

చరిత్ర పరీక్షలో నాకు మంచి మార్కులు వచ్చాయి. సంవత్సరాలన్నీ నోటికి వచ్చు. అచ్చు యంత్రానికీ తెలుగు బైబిలుకీ మధ్య ఎంత దూరమో మాత్రం నాకు ఆ రోజే కళ్ళకి కనబడింది. పడవ వచ్చి వెళ్ళిపోయింది. రెండో పడవ వచ్చేదాకా నేను ఆ చెట్ల కిందే ఉన్నాను.

పది స్తంభాలు

రాహేలమ్మగారు అప్పటికి పనిలోకి వచ్చేశారు. జరిగిందంతా దాచకుండా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ అడిగిందల్లా ఒకటే. "ఆ మొదటి రోజు వాళ్ళింట్లో కూరేంటి?"

"తెలియదండి."

"ఊఁ" అన్నారు. ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చారు. "నువ్వు రాసింది నేను కొట్టెయ్యను. నువ్వే కొట్టేసి, హెడ్మాస్టరుగారి ఎదుట నిలబడి ఎందుకు కొట్టేశావో చెప్పు."

బోర్డింగు బడి హెడ్మాస్టరుగారు మాటంటే మాట అనే మనిషి. నేను చెప్పిందంతా విని "చెట్లు తట్టడం చదువు ఎలా అవుతుందమ్మా?" అన్నారు. చివరికి, సీటు వచ్చిన ఒక పిల్ల రాలేనందట, ఖాళీ ఉంది, పిల్లని తీసుకురండి, నేనే అడుగుతాను అన్నారు. ఆ మాట కోసం నేను ఆయన ఎదుట గంటసేపు నిలబడ్డాను.

కాంతమ్మ, సుగుణ బందరు వచ్చారు. ఏసోబు పెళ్ళినాటి పంచె తువ్వాలుగా చించి సుగుణ తలకి కప్పి పంపాడు, ఎండ తగలకుండా. హెడ్మాస్టరుగారి గదిలో పెద్ద బల్ల, గోడ మీద గడియారం. చక్రవర్తి గురించి అడిగారు. సుగుణ నోరు విప్పలేదు. అచ్చు యంత్రం గురించి అడిగారు. నేలకేసి చూస్తోంది. ఆయన కలం మూత పెట్టబోతున్నారు.

వరండాలో నిలబడ్డ కాంతమ్మ గుమ్మం దగ్గరికొచ్చింది. లోపలికి రాలేదు. "వందనాలండి అయ్యగారూ. మా పిల్ల కూచుని నేర్చుకోలేదండి, నడిచి నేర్చుకుంది. కాస్త బయటికి రానివ్వండి" అంది.

ఆయన విసుక్కున్నారు గానీ లేచారు. సుగుణ వరండాలోకి వచ్చి స్తంభాలు లెక్కపెట్టుకుంది. మొహం చిన్నబోయింది.

"పదే ఉన్నాయండి."

"అయితే?"

వరండా ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. "వెళ్ళి మళ్ళీ రావాలండి" అంది.

ఇక మొదలుపెట్టింది. ఒకటో స్తంభం దగ్గర శిష్యులు బయల్దేరారు, సముద్రం దాటి మన దేశం వచ్చారు. నాలుగో దాని దగ్గర చక్రవర్తి, ఎనిమిదో దాని దగ్గర మఠాల్లో రాతగాళ్ళు. హెడ్మాస్టరుగారు కాయితం పట్టుకుని వెనకాల నడుస్తున్నారు. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. ఒకచోట ఆయన ఆగిపోయి "ఇది ఇందాక ఆరోది కదా?" అన్నారు.

"వెళ్ళేటప్పుడు ఆరోదండి, వచ్చేటప్పుడు పదిహేనోదండి. అచ్చు యంత్రం ఇక్కడే."

ఆయన వేళ్ళు మడిచి చూసుకుని, తల ఊపారు. క్లాసుల్లోంచి పిల్లలు కిటికీల దగ్గరికి చేరారు. ఎవరూ వాళ్ళని వెనక్కి పొమ్మనలేదు. బయల్దేరిన చోటికే తిరిగొచ్చారు. అక్కడ స్తంభానికి ఆనుకుని కాంతమ్మ ఉంది.

"ఇది ఇరవయ్యోది. ఇక్కడ ఎవరున్నారు?" అని అడిగారు. పాఠంలో లేని ప్రశ్న అది.

"మా అమ్మండి" అంది సుగుణ. "మా అమ్మమ్మకి చదువు రాదండి. మా ఇంట్లో బైబిలు చదవడం మా అమ్మతోనే మొదలండి."

హెడ్మాస్టరుగారు వరండాలోనే కలం తీసి పేరు రాశారు. "జూన్‌లో తీసుకురండి. ఒక దుప్పటి, రెండు జతల బట్టలు" అన్నారు. నేను అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాను. ఏడ్చాను కూడా. అంతకు ముందూ ఆ తర్వాతా ఎన్నో పరీక్షలు చూశాను గానీ, అంత నిశ్చింత నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

కాంతమ్మ అడిగింది

బస్టాండులో చల్లపల్లి బస్సు కోసం నిలబడ్డాం. క్షమించమని అడిగాను. కాంతమ్మ నా వైపు చూడకుండా, సుగుణ జడ సవరిస్తూ చెప్పింది.

"మీరు మంచోరేనండి. తప్పు దిద్దుకున్నారు, అయ్యగారి దగ్గర చెప్పారు. సుగుణ ఎల్లిపోద్ది. కానీ ఇంకా ఇద్దరున్నారండి నాకు. రూతు ముందు నన్ను తప్పన్నారు. ఒప్పని అయ్యగారి ముందు చెబితే రూతుకెలా తెలుస్తదండి?"

మర్నాడు గుడివాడ వెళ్ళాల్సిన పని ఉంది. మానేసి అదే బస్సెక్కాను.

మీరు ఈ పనిలో చేరితే మీ చేతికి ఫారాలిస్తారు, మార్కుల పట్టికలిస్తారు. ఇంట్లో చదువు నడిచేది వాటి మీద కాదు. అమ్మకి తెలుసు అని పిల్ల నమ్మినంతకాలమే నడుస్తుంది. నేను వెళ్ళి ఆ నమ్మకాన్నే విరగ్గొట్టాను. పాఠం తప్పుంటే తర్వాత ఎప్పుడైనా దిద్దొచ్చు. ఇది అలా కాదు. దీన్ని దిద్దాలంటే, విరిగిన చోటికే వెళ్ళాలి.

వెళ్ళేసరికి రూతు తమ్ముణ్ణి ఎత్తుకుని గుమ్మంలో ఉంది. అక్కకి సీటొచ్చిందని ఏసోబు రేవులోనే అరిచి చెప్పేశాడు గాబట్టి మొహం వెలిగిపోతోంది. నన్ను చూడగానే మళ్ళీ ముడుచుకుపోయింది. నేను నేల మీద, తన ఎత్తుకి వచ్చేలా కూర్చున్నాను.

"రూతూ, ఆ రోజు మీ అమ్మ తప్పు చెబుతోందన్నాను, గుర్తుందా?"

తల ఊపింది.

"మీ అమ్మ చెప్పింది సరైందే. నాకే అర్థం కాలేదు. అడగకుండా కోప్పడ్డాను. తప్పు నాది."

రూతు నా మొహం చూడలేదు. తల్లి మొహం చూసింది. కాంతమ్మ అటు తిరిగి బియ్యం చెరుగుతోంది. చేట మాత్రం ఆగిపోయింది. పిల్ల తమ్ముణ్ణి చంక మార్చుకుని ఆలోచించింది. ఇంత పెద్ద టీచరుగారు తప్పు చేసిందంటే నమ్మాలా వద్దా అని కాబోలు.

"అయితే అమ్మ చెప్పింది మళ్ళీ మిమ్మల్ని అడగక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా" అన్నాను. ఆ మాట అనడానికి ఒక టీచరుకి అంత సంతోషంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.